చెవిలో రాయి

మతొజీన్యుష్ రేవులో సైరన్ మోగితే
అది ఏ కంపెనీ కూతో
నిద్రలోనే చెప్పేసేదాన్ని.
అర్ధరాత్రైనా సరే, పడవలొచ్చాయంటే
ఏప్రాన్ కట్టుకుంటూ పరుగు.
ముప్పై ఒక్క ఏళ్లు.
బొటనవేలు మొప్పల కింద, కత్తి మెడ మీద,
ఒక్క విసురు.
తల తొట్టిలోకి, ఒళ్లు డబ్బాలోకి.
నిమిషానికి నలభై.
కావాలంటే మేస్త్రీ సెవెరీనో లెక్కల పుస్తకం చూసుకోండి,
అది ఇంకా ఎక్కడైనా ఉంటే.

ఫ్యాక్టరీ మూసేశారు.
ఇప్పుడు అక్కడే, మా ఉప్పునీళ్ల తొట్లుండే హాల్లోనే,
మంగళవారం సాయంత్రాలు పెద్దవాళ్లకి బడి.
వ్యాకరణం క్లాసులో సీట్లు నిండిపోయాయట.
"సముద్ర జీవులు ఉంది, రాసుకోనా?" అంది గుమాస్తా పిల్ల.
నవ్వొచ్చింది.
చేపల గురించి, నాకా?
సరే రాయమన్నాను.
ఇంట్లో చలి. అక్కడ హీటరుంది.

టీచరమ్మ యోలాందా. నా చిన్నకోడలికన్నా చిన్నది.
ముందు చేతులు చూశాను: ఒక్క గాటు లేదు.
పళ్లెంలో ఒక సార్డీన్ పెట్టి అడిగింది,
"దీని వయసెంత?"
తూకం అడిగితే చెబుదును.
కొవ్వెంతుందో వేలితో నొక్కి చెబుదును.
ఏ డబ్బాలో ఎన్ని పడతాయో కళ్లు మూసుకుని చెబుదును.
వయసా?
చేపకి వయసుంటుందన్న మాట
నా చెవిన ఎవరూ వేయలేదు.

ఆ పిల్ల తల చీల్చి, పట్టకారుతో ఏదో తీసింది.
నూకలో సగం. తెల్లటి రాయి.
చెవిలో ఉంటుందట.
నీళ్లలో ఏది పైనో ఏది కిందో చెప్పేది అదేనట.
వినడానికీ అదేనట.
మైక్రోస్కోపుకి కన్నానించాను.
వలయాలు.
వేసవికి వెడల్పుగా ఒకటి, చలికాలానికి సన్నగా ఒకటి,
మళ్లీ వేసవి, మళ్లీ చలి,
తిండి దొరకని ఏడు ఇరుకుగా.

మా తొట్టి నిండితే ఎరువుల బండి వచ్చేది.
బండెడు పుట్టినరోజులు.

"మూడేళ్లు" అంది టీచరమ్మ.
"నాలుగు" అన్నాను.
ఎలా నోరు జారిందో తెలీదు.
అంచున ఇంకో గీత ఉంది, వెంట్రుకంత.
వెంట్రుకంత ముళ్లు ఏరిన కళ్లు నావి.
ఆవిడ వంగి చూసింది. చాలాసేపు.
"అవును దియోలిందా గారూ, నాలుగే."
పుస్తకంలో తన అంకె కొట్టేసి నాది రాసింది.
సెవెరీనో ఏ రోజూ ఏదీ కొట్టేయలేదు,
మా కూలి తప్ప.

ఇంటికొచ్చి అబీలియోకి చెప్పాను.
నలభై రెండేళ్లు వల లాగినవాడు.
ఇంజను పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయింది,
నేనెప్పుడూ కుడివైపే కూర్చుంటాను.
"చేపకి సైజుంటుంది. వయసేంటి?" అన్నాడు.
కాల్చిన చేప తల విప్పి చూపించబోతే
"నన్ను తిననివ్వవా" అని విసుక్కున్నాడు.
నేనూ పట్టుబట్టలేదు.
కానీ గిన్నెలు కడుగుతూ ఆ తలలు పారేయలేకపోయాను.
సబ్బుపెట్టె మూతలో వేసి కిటికీలో పెట్టాను.
తెల్లారేసరికి పిల్లి ఎత్తుకుపోయింది.
అదీ మంచిదే, కంపు కొట్టేవి.

గురువారమో శుక్రవారమో, దీపం ఆర్పేశాక,
నిద్రపోయాడనుకున్నాను.
"దియోలిందా,
దానికి వినబడుతుందన్నావే?"
"ఆఁ."
"అంటే, చీకట్లో వల చుట్టూ దింపి,
చప్పుడు చెయ్యకండ్రా అని కుర్రాళ్లని తిడుతూ..."
ఆగాడు.
"నేనరిచిన అరుపులన్నీ?"

అతనికి వినబడే వైపుకి తిరిగాను.
ఏం చెప్పాలో తోచలేదు.
మంగళవారం అడగాలి.